ప్రతి పేజీలో చివరి వరుస

నాకు భద్రాచలంలో ఉద్యోగం దొరికిందని తెలిసిన రోజు మా అమ్మ ముదిగొండలో పక్కింటికి పోయి, "మావోడు కంప్యూటర్ల పని చేస్తడట" అని చెప్పింది. "అదేం చేస్తది?" అని పక్కింటామె అడిగితే, అమ్మ కాసేపు ఆలోచించి, "చల్లగ ఉంటది" అన్నది. అది కూడా నిజం కాదు. మా కంప్యూటర్లు పెట్టింది చర్ల రోడ్డు మీద కిరాయికి తీసుకున్న పాత తునికాకు గోదాంలో. పైన రేకులు. గోడలకు ఇంకా ఆకు వాసన. కూలర్ ఒకటి ఉండేది. దాని గాలి మిషన్లకు, దాని చప్పుడు మాకు.

తొంభైల మొదట్లో సంగతి. అప్పట్లో తెలుగు టైపు చేసే మిషన్లు ఒక్కో కంపెనీవి ఒక్కో తీరు. ఒకదాంట్లో కొట్టిన ఉత్తరాన్ని ఫ్లాపీలో వేసుకుపోయి ఇంకోదాంట్లో తెరిస్తే తెర మీద చీమలు పాకినట్టు ఉండేది. అందుకని సంగతి తెలిసినవాళ్లు కూర్చుని ఒక ప్రమాణం రాశారు. ప్రతి అక్షరానికి ఒక నంబరు, పేరా ఎక్కడ మొదలైందో పేజీ ఎక్కడ అయిపోయిందో చెప్పడానికి కొన్ని గుర్తులు. ఇక మీద ఏ కంపెనీ మిషనైనా వాటినే వాడాలి. రాయడం అయింది. అది నిజంగా పనిచేస్తుందా అనేది ఎవరో ఒకరు చూడాలి. చూడాలంటే ఏమేం చూడాలో, ఎట్లా చూడాలో ముందుగా ఒక ప్లాన్ రాయాలి. ఆ ప్లాన్ రాసేది నేను. డిగ్రీలో లెక్కల పేపరు రెండోసారికి గట్టెక్కినవాడికి ఇంత బాధ్యత ఎట్లా ఇచ్చారని అడగొద్దు. భద్రాచలంలో ఉంటానన్నది నేనొక్కడినే.

పరీక్షకు భద్రాచలమే ఎందుకంటే, అసలైన కాగితాలు ఇక్కడ ఉన్నాయి. అడవి ఊళ్లలో పోడు చేసుకునేవాళ్ల జాబితాలు చేతిరాత రిజిస్టర్లలో ఉండేవి. వాటిని మిషనుకు ఎక్కించి అచ్చు తీస్తే, ఆ అచ్చు పట్టుకుని సర్వేవాళ్లు ఊళ్లకు పోతారు. జాబితాలో పేరుంటే చెలక భూమి కొలుస్తారు. కొలిస్తే రేపో మాపో పట్టాకు దారి. పేరు లేకపోతే కొలత లేదు, ఇక మాట్లాడేదీ లేదు.

గోదాంలో మేం ముగ్గురం. మా సారు కోస్తా నుంచి హైదరాబాదుకూ, హైదరాబాదు నుంచి మా రేకుల కిందికీ వచ్చిన మనిషి. మే నెలలో కూడా చొక్కా చేతుల గుండీలు విప్పేవారు కాదు. రెండు పక్కలా చిల్లులుండే మడతల కంప్యూటర్ కాగితాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేవారు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నారని మా అనుమానం. ఎంత అడిగినా, "టెస్టుకు ఒక్క కాగితం చాలదటయ్యా?" అనేవారు. చాలేది, చాలకపోయేది మాకూ తెలియదు కనుక చాలిందనే అనుకున్నాం.

మూడో మనిషిని నేను చాచా అనేవాణ్ణి. ఖమ్మంలో ఒక ప్రెస్సులో ముప్పై ఏళ్లు సీసం అక్షరాలు పేర్చిన చేతులు ఆయనవి. ఆ ప్రెస్సుకు కొత్త మిషన్ వచ్చాక సీసం తూకానికి పోయింది, ఆయన ప్రూఫులు చూడడానికి మా దగ్గరికి వచ్చాడు. తన పని మింగిన మిషన్ల పక్కనే ఉద్యోగమా అని నాకు చాలా బాధ కలిగి, తగిన మొహం పెట్టుకుని ఒకసారి అడిగాను.

"పొద్దంత నిలబడి పేర్చేది బేటా," అన్నాడు చాచా. "ఇక్కడ కుర్సీ ఇచ్చిండ్రు."

నా బాధ అక్కడికి ఆగిపోయింది.

చాచాకు ఒక అలవాటు ఉండేది. ఏ పేజీ అయినా కిందినుంచి పైకి చదివేవాడు. చివరి వరుస ముందు, మొదటి వరుస ఆఖర్న. నాకు నవ్వొచ్చేది. "చాచా, కథ ఎట్ల అర్థమైతది?" అంటే, "అర్థం కావద్దనే," అనేవాడు. "పైనుంచి వస్తే ముందు మాటే ఎనకమాట చెప్పేస్తది. కళ్లు సదవవు, అనుకుంటయి. కిందినుంచి వస్తే ఏ వరుసకు ఆ వరుస కొత్తది."

నేను పైనుంచే చదివేవాణ్ణి. డిగ్రీ చదివినవాణ్ణి కదా.

ప్లాన్లో పది కాగితాలు పెట్టాను. ఒక ఉత్తరం, ఒక లగ్నపత్రిక, బడి ప్రశ్నపత్రం, దవాఖానా చీటీ, బస్సు టైములు, ఇట్లాంటివి. ఒక్కోదాన్ని మొదటి కంపెనీ మిషన్లో కొట్టాలి. ఫ్లాపీలో రెండో కంపెనీ మిషనుకు మోయాలి. అక్కడ అచ్చు తీసి, కొట్టిందీ వచ్చిందీ ఒకటేనా అని పక్కపక్కన పెట్టి చూడాలి. అన్నీ ఒక్కో పేజీవే. సారు దయ. ప్రతి కాగితానికీ పైన శ్రీరామ, కింద శుభం పెట్టాను. పెట్టాలని అనుకుని పెట్టలేదు. మా దిక్కు కిరాణా చీటీ రాసినా పైన శ్రీరామ పడనిదే పెన్ను ఉప్పు దగ్గరికి కూడా రాదు. కాగితం అయిపోయాక శుభం అనకపోతే ఏదో ఇంట్లో దీపం ఆర్పకుండా వచ్చినట్టు ఉంటుంది.

మొదటి కాగితం అచ్చయి వచ్చింది. చాచా అందుకుని తన అలవాటు ప్రకారం కింద మొదలుపెట్టి, వెంటనే ఆగాడు.

"బేటా, నీ శుభం ఏది?"

చూశాను. లేదు. కొట్టడం మరిచానేమో అనుకున్నాను. రెండో కాగితం. అందులోనూ లేదు. మూడోదానికి చాచా మళ్లీ అడిగాడు.

"శ్రీరామ వచ్చింది కద చాచా," అన్నాను. "రాముడంతటోడు వచ్చినంక శుభం ఆయన ఎనక నడుసుకుంట వస్తది తియ్."

చాచా నవ్వలేదు. నా జోకులకు నవ్వని మనుషులు ఆ గోదాంలో ఇద్దరుండేవారు, మొత్తం ముగ్గురిలో. సారును అడిగితే, "అది అలంకారమయ్యా. విషయం కాదు. విషయం చూడు," అన్నారు. నాకు ఆ మాట నచ్చింది. ప్లాన్ తీసి, నా అందమైన చేతిరాతతో ఒక వరుస కలిపాను. "శ్రీరామ, శుభం, గీతలు, పువ్వులు: పరిశీలించనక్కర లేదు." నా జీవితంలో అంత శ్రద్ధగా రాసిన తప్పు ఇంకోటి లేదు.

పది కాగితాలూ పాస్. ప్రతిదాని అడుగునా సారు సంతకం పెట్టారు.

తర్వాత అసలు జాబితాలు ఎక్కించాం. చర్ల అవతలి ఊళ్లవి. రిజిస్టరులో ఒక పేజీ అంటే మిషన్లోనూ ఒక పేజీ, వరుసకు వరుస. మొదటి మిషన్లో కొట్టి, చాచా తెర మీద సరిచూశాక రెండోదానికి మోసి, అచ్చు తీశాం. పది కాగితాలు పాసయ్యాయి కదా అని అచ్చును మళ్లీ రిజిస్టరుతో పోల్చలేదు. శుక్రవారం పొద్దున హైదరాబాదు జీపు వస్తుంది. రిపోర్టు అందులో పోతుంది. చేతిరాత రిజిస్టర్లు గోనెసంచుల్లో కట్టి అదే జీపులో రికార్డు గదికి పోతాయి. సోమవారం నుంచి సర్వేవాళ్ల చేతిలో ఉండేది మా అచ్చు ఒక్కటే. గురువారం పొద్దుటికి రిపోర్టు తయారైంది. నాకు పెద్ద పనేం లేక ప్రింటరు రిబ్బన్ తుడుస్తున్నాను.

అప్పుడు ఆమె వచ్చింది.

చర్ల బస్సు దిగి నేరుగా మా వసారాలోకి వచ్చి స్తంభానికి ఆనుకుని కూర్చుంది. వయసు అరవైకి అటో ఇటో. పోలీసులు దారిలో రెండు చోట్ల బస్సు ఆపి అందర్నీ దించి ఎక్కించారట, అందుకు ఆలస్యమైందని నాకు సంజాయిషీ చెప్పింది, నేనేదో ఆమెను రమ్మన్నట్టు. ఇంట్లో కోయ మాట, బజార్లో తెలుగు. చదువు రాదు.

"మా ఊరోళ్లను మిషన్ల ఏసిన్రంటగా. సదువు పిలగా, నేను వింట."

"అవ్వా, అందరి పేర్లు ఉన్నయ్. ఫికర్ చెయ్యకు."

"ఉన్నయని సదవకుంటనే చెప్తున్నవ్."

సరే, పనిలేదు కదా అని ఆ ఊరి అచ్చు పట్టుకొచ్చి, రేడియోలో వార్తలు చదివేవాళ్లలాగా గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. ఆ పేర్లు నేనిక్కడ రాయను, అవి వాళ్లవి. ఆమెకు కూడా పేర్లతో పెద్దగా పని ఉన్నట్టు లేదు. నేనొక పేరు చదివితే ఆమె ఒక ఇల్లు చెప్పేది. "ఔ, వాగు కాడి ఇల్లు." "ఔ, కోళ్లిల్లు." "ఈయన పోయిండు, పోయినేడు. ఆయన కొడుకు దున్నుతుండు." రాసుకునేవాళ్లు ఇంటింటికీ నడిచి రాశారు. ఏ ఇంటి తర్వాత ఏ ఇల్లో ఆమె కాళ్లకు తెలుసు. నేను జాబితా చదువుతున్నాను, ఆమె కళ్లు మూసుకుని ఊళ్లో నడుస్తున్నది.

రెండో పేజీ దాటి మూడో పేజీ మొదటి పేరు చదివాను. ఆమె చెయ్యెత్తింది.

"ఆగు. నా ఇల్లు దుంకినవ్."

"లేదవ్వా, వరసగనే సదువుతున్న."

"ఇప్పచెట్టు ఇంటి తర్వాత నా ఇల్లు. నా తర్వాత నువ్వు ఇప్పుడు సదివినోళ్లది. నా ఇల్లు నువ్వు ఒక్క దుంకుల దాటేటంత సన్నగ ఏం లేదు."

మళ్లీ చదివాను, ఈసారి వార్తల గొంతు లేకుండా. ఇప్పచెట్టు ఇంటితో రెండో పేజీ అయిపోతుంది. ఆ తర్వాతి ఇంటితో మూడో పేజీ మొదలవుతుంది. మధ్యలో ఏమీ లేదు.

"రాసుకునేటప్పుడు నువ్వు ఇంట్ల లేవేమో," అన్నాను.

"నేనే మంచినీళ్లిచ్చిన వాళ్లకు."

"మిషన్ మర్చిపోదవ్వా."

"మిషన్ వచ్చిందా మా ఊరు?"

లోపలికి పోయి, అప్పటికే సంచిలో కట్టేసిన రిజిస్టర్ల మూట విప్పాను. ఆ ఊరు, రెండో పేజీ. ఆమె పేరు ఉంది. నీలి సిరాలో, స్పష్టంగా. పేజీలో చివరి వరుస.

మొదటి మిషన్ దగ్గరికి పోయి తెర మీద చూశాను. అక్కడా ఉంది. నేనే కొట్టాను కూడా. రెండో మిషన్ తీసిన అచ్చులో లేదు. చాచా మూలన కూర్చుని టిఫిను డబ్బా విప్పుతున్నాడు. నా మొహం చూసి, రిజిస్టరు చూసి, నేను వేలు పెట్టిన చోటు చూశాడు.

"నీ శుభం దొరికిందా బేటా?" అన్నాడు మెల్లగా.

ఒళ్లు జలదరించింది అని రాస్తే బాగుంటుంది గానీ, నిజానికి నాకు ఎక్కిళ్లు వచ్చాయి. భయపడితే నాకు అంతే. ఎక్కిళ్లు పెడుతూనే ఆ ఊరి మిగతా పేజీలు తిప్పాను. చాచా డబ్బా మూతపెట్టి పక్కన నిలబడ్డాడు. ఆరు పేజీలు, ఆరు చివరి వరుసలు, ఆరు ఇళ్లు. అచ్చులో ఒక్కటీ లేదు. పక్క ఊరిది తీశాం. అక్కడా అంతే.

సంగతి చాలా చిన్నది. పేజీ అయిపోయిందని చెప్పే గుర్తును మొదటి మిషన్ చివరి వరుసకే అంటించి పెడుతున్నది. రెండో మిషనేమో ఆ గుర్తు కనబడగానే వరుస మొత్తం తనకిచ్చిన ఆర్డరు అనుకుని, పేజీ తిప్పి, వరుసను మింగేస్తున్నది. రెండింటిదీ తప్పు కాదు. ఆ గుర్తు ఏమిటో ప్రమాణంలో రాశారు. అది విడిగా ఉండాలని ఎవరూ రాయలేదు. ఆ ఒక్క ముక్క పట్టుకోవడానికే నన్ను పెట్టారు. పది కాగితాలు నాకు పదిసార్లు చెప్పాయి. నేను పరిశీలించనక్కర లేదని రాసుకున్నాను.

సారు భోజనం నుంచి వచ్చారు. చెప్పాను.

"ఏమయ్యా, నిన్న పాస్ అని రాసి ఇవాళ ఫెయిల్ అంటే నన్నేమంటారు అక్కడ?" గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "రేపు జీపు వస్తోంది. ఆవిడ పేరొక్కటే కదా. పెన్నుతో రాసెయ్ పక్కన. తర్వాత సరిచేయిద్దాం."

నిజం చెప్పాలి. నాకు ఆ మాట ఎంతో హాయిగా అనిపించింది. రిపోర్టు పోతుంది, నా ఉద్యోగం ఉంటుంది, అవ్వ పేరూ ఉంటుంది. అచ్చు తీసుకుని వసారాలోకి వచ్చి, జేబులోంచి పెన్ను తీసి, మూత కూడా విప్పాను.

"అవ్వా, ఇగో, నీ పేరు పక్కన రాస్తున్న. అయిపోయింది."

ఆమె కాగితం వంక చూసింది. అచ్చు అక్షరాలకూ పెన్ను గీతకూ తేడా తెలియడానికి చదువు అక్కర్లేదు.

"పెన్నుతోని రాస్తే ఇంకొకడు పెన్నుతోని కొట్టేస్తడు," అన్నది. "అందరిది ఎట్లుందో నాది గట్లనే ఉండాలె."

వెనక గుమ్మంలో చాచా నిలబడి ఉన్నాడు. "రాస్తే రాయి బేటా," అన్నాడు. "మిగిలిన ఐదిళ్లోళ్లు గూడ బస్సెక్కి వస్తరా నీతోని సదివిచ్చుకోనీకి?"

పెన్ను మూత పెట్టేశాను. ఎక్కిళ్లు అప్పటికి తగ్గాయి. లోపలికి పోయి సారు బల్ల మీద మా పది కాగితాలూ వరుసగా పరిచాను. నోరు విప్పితే జోకు అయిపోతుందేమోనని భయం. సారు అద్దాలు పెట్టుకుని ఒక్కోదాని అడుగు చూసుకుంటూ పోయారు. శుభం ఉండాల్సిన చోట ఖాళీ ఉంది. ఆ ఖాళీ చూసుకునే ఆయన ప్రతి కాగితం మీదా సంతకం పెట్టారు. పది ఖాళీలు, పది సంతకాలు, కొలిచి కుట్టినట్టు సరిపోయాయి.

సారు అద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"నా సంతకం ఇంత బాగా అమరిందే, అనుకున్నానయ్యా అప్పుడు," అన్నారు సారు చివరికి.

ఆయన జోకు వేయగా నేను విన్నది అదొక్కసారే. అది జోకో కాదో ఇప్పటికీ నాకు తెలియదు. మేమిద్దరం నవ్వలేదు. చాచా నవ్వాడు, ఇన్నాళ్లదీ కలిపి.

సారు పాత రిపోర్టు చింపలేదు. కాగితం అంటే ఆయనకు ప్రాణం కదా, వెనక్కి తిప్పి దాని మీదే కొత్తది రాశారు. ఫలితం: ఫెయిల్. కారణం రాశారు. "పరిశీలించనక్కర లేదు" అన్న నా వరుసకు తానే ఒప్పుకున్నానని కూడా రాశారు. అది ఆయన రాయనవసరం లేదు. రాయకపోతే ఎవరికీ తెలిసేది కాదు. లోపం గుర్తించినది ఎవరు అనే గడి దగ్గర ఆగి నా వైపు చూస్తే, నేను వసారా వైపు చూశాను. "జాబితాలోని వ్యక్తి" అని రాశారు. రిజిస్టర్ల మూట మళ్లీ విప్పి అరల్లో పెట్టించారు. శుక్రవారం జీపు అవి లేకుండానే పోయింది. సర్వే ఆగింది. ఆ తర్వాత బీరువా తాళంచెవి తీసి నాకిచ్చారు. అది మామూలు రింగుకే ఉంది.

కంపెనీలకు ఉత్తరాలు, ప్రమాణం రాసినవాళ్లకు ఇంకో ఉత్తరం. రెండు నెలలకు కొత్త ఫ్లాపీలు వచ్చాయి. ఈలోగా ప్లాన్ కొత్తగా రాశాం. ఈసారి ముగ్గురం కలిసి. పది పేజీల కాగితం ఒకటి, పేజీలో ఒకే వరుస ఉన్నది ఒకటి, అసలు ఏమీ లేని పేజీ ఒకటి. సరిచూడడం కిందినుంచి పైకి. అన్నిటికంటే మొదటి అంశం: ప్రతి పేజీలో చివరి వరుస. ఆ తర్వాత ఇంకో మూడు చోట్ల ఇట్లాంటి ప్లాన్లు రాశాను. ఎక్కడ రాసినా అదే మొదటి అంశం. ఎందుకని ఎవరైనా అడిగితే, ఇద్దరు పెద్దవాళ్ల దగ్గర నేర్చుకున్నానని చెప్తాను. ఏ కాలేజీలో చెప్పేవారని అడిగినవాళ్లూ ఉన్నారు. ఒకరు కిందినుంచి చదివి, ఒకరు కళ్లు మూసుకుని విని నేర్పారు అంటే నేను మళ్లీ జోకు వేస్తున్నానని అనుకున్నారు.

కొత్త అచ్చు వచ్చిన వారం చర్లకు పోయే కండక్టరుతో కబురు చెప్పించాం. ఆమె మరుసటి రోజే వచ్చింది, అదే స్తంభం దగ్గర కూర్చుంది. అడ్డాకులో కట్టిన వేయించిన ఇప్పపువ్వు తెచ్చి నాకివ్వకుండా చాచాకు ఇచ్చింది. నేను అచ్చు తీసి చదవడం మొదలుపెట్టాను. వాగు కాడి ఇల్లు, కోళ్లిల్లు. పోయిన ఆయన పేరు కింద ఈసారి కొడుకు పేరుంది, అదీ రాయించాం. రెండో పేజీ. ఇప్పచెట్టు ఇల్లు. తర్వాత ఆమె పేరు చదివాను.

ఆమె బడిలో హాజరు పలికినట్టు "ఆ" అన్నది. అంతే. కళ్లు తెరవలేదు.

"తర్వాత?"

తర్వాతి ఇల్లు, ఆ తర్వాతిది. ఆరు పేజీలూ చదివాను. ఆరో పేజీ చివరి పేరు కింద ఈసారి నేను కలిపిన ఇంకో వరుస ఉంది. అదీ పైకే చదివాను.

"శుభం."

"అది ఎవరిల్లు?" అన్నది.

చాచా నోట్లో ఇప్పపువ్వుతో నవ్వడానికి తంటాలు పడుతున్నాడు. ఆమె అచ్చును చేతిలోకి తీసుకుని, తన వరుస ఎక్కడుందో చూపించమంది. చూపించాను. దాని మీద బొటనవేలు కాసేపు పెట్టి, తిరిగి ఇచ్చేసింది.

"ఇగ పక్కూరిది తియ్. నా బిడ్డను గా ఊరికిచ్చిన."

"అవ్వా, ఒంటిగంట బస్సు పోతది."

"పోనియ్. కడదాక సదువు."

తీశాను. పక్క ఊరు తొమ్మిది పేజీలు.